పేరు గొప్ప, ఊరు దిబ్బేనా? రమోన్స్ తొలి రికార్డు మీద ప్రసంగం

(రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు తీసేసి, తక్కినదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రెండు స్పీకర్లూ అటొకటి ఇటొకటి బాగా ఎడంగా పెట్టించాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను. వీలైతే మధ్యకు జరిగి కూర్చోండి.

విషయంలోకి వస్తాను. 1976 ఏప్రిల్ 23న న్యూయార్కులో సైర్ అనే కంపెనీ ఒక ఎల్పీ విడుదల చేసింది. రాక్ బృందం పేరు రమోన్స్, రికార్డు పేరూ రమోన్సే. 14 పాటలు. మొత్తం నిడివి 29 నిమిషాల 4 సెకన్లు. 14 పాటలండీ, అరగంట కూడా లేదు! మన సినిమా పాటలైతే ఆరో ఏడో పడతాయి ఆ సమయంలో. ఒక్కటంటే ఒక్క పాట కూడా మూడు నిమిషాలు దాటదు.

ఆ రోజుల్లో ఎవరైనా కొన్నారా? పెద్దగా కొనలేదు. అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో 111వ స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. అందులోంచి రెండు సింగిల్స్, అంటే విడిగా అమ్మే పాటలు, తీశారు, రెండూ జాబితా ఎక్కలేదు. 5 లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2014లో. అంటే 38 ఏళ్లకు. అప్పటికి నలుగురిలో ముగ్గురు పోయారు. గాయకుడు జోయీ 2001లో, మంద్రస్వరాల బేస్ గిటార్ వాయించే డీ డీ 2002లో, గిటార్ వాయించే జానీ 2004లో. మిగిలింది డ్రమ్మర్ టామీ ఒక్కడు. ఏప్రిల్‌లో గుర్తింపు వచ్చింది, జులైలో ఆయనా పోయాడు.

మరి అమ్ముడుపోని రికార్డుకి ఇంత పేరేంటి? అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చుకుంది. ఏ 'గొప్ప ఆల్బమ్‌ల' జాబితా తీసినా ఇది ఉంటుంది. ఆ గద్ద ముద్ర ఉన్న నల్ల టీషర్టు వేసుకున్న కుర్రాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు, వాళ్లలో సగంమంది పాట వినలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ టీషర్టు బొమ్మ తర్వాతి రోజుల్లో ఆర్టురో వేగా వేసింది. ఈ మొదటి రికార్డు వెనక అట్ట మీద గద్ద బొమ్మ ఉన్న బెల్టు బకిల్ కనిపిస్తుంది చూడండి, ఆ ఫోటో కూడా ఆయనదే. సరే, అసలు ప్రశ్న. ఇంత పేరుకి ఈ రికార్డు తగినదేనా? పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతలా ఉందా?

నా మాట ముందే చెప్పేస్తాను. తగినదే. కానీ జనం చెప్పే కారణాలకు మాత్రం కాదు. జనం చెప్పే కారణాల్లో చాలావరకు తప్పు.

మొదటి కారణం 'ఇదే తొలి పంక్ రికార్డు' అన్నది. పంక్ అంటే హంగులు లేకుండా, వేగంగా, రొదగా వాయించే రాక్. ఇది త్వరగా తేల్చేద్దాం. డెట్రాయిట్ వైపు నుంచి ఎంసీ5, స్టూజెస్ 1969లోనే రికార్డులు తెచ్చారు. న్యూయార్క్ డాల్స్ 1973లో తెచ్చారు. డిక్టేటర్స్ 1975లో తెచ్చారు. ప్యాటీ స్మిత్ తొలి రికార్డు కూడా 1975 చివర్లోనే వచ్చింది, ఆవిడా రమోన్స్ పాడిన సీబీజీబీ అనే బార్‌లోనే పాడింది. కాబట్టి 'మొదటిది' అన్న కిరీటం తీసి పక్కన పెట్టండి. అది లేకపోయినా ఈ రికార్డుకి వచ్చిన లోటేమీ లేదు.

రెండోది లండన్ కథ. ఇది మరీ తమాషాగా ఉంటుంది. 1976 జులై 4న రమోన్స్ లండన్ రౌండ్‌హౌస్‌లో వాయించారు, అది చూసి సెక్స్ పిస్టల్స్, క్లాష్ అనే బ్రిటిష్ పంక్ బృందాలు పుట్టుకొచ్చాయి అని చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది కదా? అదే జులై 4 రాత్రి పిస్టల్స్, క్లాష్ ఎక్కడున్నారు? షెఫీల్డ్‌లో. బ్లాక్ స్వాన్ అనే పబ్‌లో వాయిస్తున్నారు, క్లాష్‌కి అదే మొట్టమొదటి ప్రదర్శన. పిస్టల్స్ అయితే 1975 నవంబరు నుంచే వేదిక ఎక్కుతున్నారు. డ్యామ్డ్ బృందం తొలి ప్రదర్శన రౌండ్‌హౌస్ తర్వాత రెండు రోజులకే జరిగింది. రెండు రోజుల్లో బృందం పుట్టదు కదండీ! అప్పటికే అందరూ సాధనలో ఉన్నారు.

అలాగని ప్రభావం లేదనకండి. ప్రభావం ఉంది, అది ప్రదర్శన కన్నా ఎల్పీ ద్వారా ఎక్కువ వచ్చింది. ఇంట్లో రికార్డు పెట్టుకుని, దాంతో పాటే గిటార్ వాయించి నేర్చుకున్నవాళ్లు బ్రిటన్ నిండా ఉన్నారు. ఎందుకు ఈ రికార్డే? ఎందుకంటే దీన్ని మిక్స్ చేసిన తీరు వేరు. ఇప్పుడు స్పీకర్ల సంగతికి వద్దాం.

వినండి. ఇది మొదటి పాట, బ్లిట్జ్‌క్రీగ్ బాప్. ఇప్పుడు బ్యాలెన్స్ నాబ్ పూర్తిగా కుడికి తిప్పుతున్నాను. ఏం వినిపిస్తోంది? గిటార్. గొంతు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి. బేస్ ఏది? లేదు. ఇప్పుడు ఎడమకి తిప్పుతున్నాను. బేస్ వచ్చింది, గిటార్ పోయింది. చూశారా? గిటార్ మొత్తం కుడి వైపు, బేస్ మొత్తం ఎడమ వైపు, గొంతూ డ్రమ్సూ మధ్యలో. 1960ల్లో బీటిల్స్ తొలి స్టీరియో రికార్డులు ఇలా ఉండేవి. 1976 నాటికి ఇంత నిక్కచ్చిగా విడదీయడం అరుదు. నిర్మాత క్రెయిగ్ లియోన్, ఆయన పక్కన సహ నిర్మాతగా డ్రమ్మర్ టామీ, ఇద్దరూ తెలిసే చేసిన పని ఇది.

దీంతో లాభమేంటి? గిటార్ నేర్చుకునే కుర్రాడు కుడి స్పీకరు కట్టేస్తే, జానీ స్థానంలో తాను వాయించుకోవచ్చు. బేస్ నేర్చుకునేవాడు ఎడమది కట్టేస్తే డీ డీ స్థానం వాడిది. సాధన కోసమే చేశారని నేను అనను. కానీ జరిగింది మాత్రం అదే.

ఇంట్లో వినేవాళ్లకు ఒక మాట. ఒకే స్పీకరున్న బ్లూటూత్ పెట్టెలోనో, ఫోన్ స్పీకర్లోనో వింటే ఇదంతా కలిసిపోతుంది, ఏమీ తెలియదు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని వింటే ఇంకా ఘోరం, పాటలో ఓ మనిషి మాయమవుతాడు. 'ఈ రికార్డు పల్చగా ఉంది' అని ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరి సమస్య ఇదే. ఆ విడదీత నచ్చనివాళ్లకు మోనో రూపం ఉంది, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది. 40 ఏళ్లయిన సందర్భంగా 2016లో లియోనే మళ్లీ కూర్చుని చేశాడు. అందులో గిటారూ బేసూ ఒకదాంట్లో ఒకటి కలిసి గోడలా వచ్చి మీద పడతాయి. నన్నడిగితే మొదటిసారి స్టీరియో వినండి, రెండోసారి మోనో వినండి.

ఇక అన్నిటికన్నా పెద్ద అపోహ దగ్గరికి వస్తున్నాను. 'మూడు కార్డ్‌లు వస్తే చాలు, ఎవడైనా వాయించగలడు.' కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు పట్టడం. ఇది పొగడ్తగానే చెబుతారు. నిజమేనా? గిటార్ వచ్చినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఆ, ఐదారుగురు ఉన్నారు. మీకు పరీక్ష.

బ్లిట్జ్‌క్రీగ్ బాప్ ప్రధానంగా ఎ, డి, ఇ. మూడే. ఆరో తీగ మీద ఐదో ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీది ఐదో అడ్డగీత, దగ్గర ఎ పట్టుకోవచ్చు. ఐదో తీగ మీద అదే ఐదో ఫ్రెట్‌లో డి, రెండు ఫ్రెట్లు పైకి జరిగితే ఇ. చెయ్యి అంగుళాల్లో కదులుతుంది, అంతే. ఎడమ చేతి పని ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. ఒప్పుకుంటాను.

కష్టం కుడి చేతిది. లయ నిమిషానికి దాదాపు 175 దెబ్బలు. ఒక్కో దెబ్బకి రెండుసార్లు మీటాలి. అంటే నిమిషానికి 350. సెకనుకి ఆరు. సరే, సెకనుకి ఆరు పెద్ద లెక్క కాదంటారా? పైకీ కిందికీ మీటితే కాదు. కానీ జానీ పైకి మీటడు. అన్నీ పై నుంచి కిందికే. ప్రతి మీటూ కిందికే! చెయ్యి కిందికొచ్చాక తీగ తగలకుండా మళ్లీ పైకి వెళ్లాలి, మళ్లీ కొట్టాలి, సెకనుకి ఆరుసార్లు. గిటార్ ఆగే చోట్లు తీసేసినా ఈ ఒక్క పాటకే ఐదారు వందల దెబ్బలు. అలాంటివి వరసగా పద్నాలుగు.

ఎందుకీ బాధ, పైకి కూడా మీటొచ్చు కదా అంటారు. మీటి చూడండి, తేడా వినిపిస్తుంది. కిందికి కొట్టినప్పుడు ముందు లావు తీగలు తగులుతాయి, దెబ్బ బరువుగా పడుతుంది. పైకి కొట్టినప్పుడు ముందు సన్న తీగలు తగులుతాయి, తేలికగా పడుతుంది. రెండూ కలిపితే ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి బరువు, ఒకటి తేలిక. పాటకి ఊపొస్తుంది, ఒయ్యారమొస్తుంది. రమోన్స్‌కి ఆ ఒయ్యారమే వద్దు. ప్రతి దెబ్బా పక్క దెబ్బలాగే ఉండాలి, రంపపు పళ్లలా.

ఇంకో సంగతి. నేర్చుకునేవాళ్లు చాలామంది సులువని రెండు వేళ్ల పవర్ కార్డ్ పట్టుకుంటారు. జానీ పట్టేది పూర్తి బార్ కార్డ్. చూపుడు వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకోవాలి. మోస్‌రైట్ గిటార్, మార్షల్ యాంప్ బాగా పెంచి వాయించినప్పుడు ఆ కార్డ్‌లోని మూడో స్వరం తక్కినవాటితో రాపిడి పడి బుస్సుమంటుంది. అదే ఈ రికార్డు రొద. రెండు వేళ్లతో పడితే శుభ్రంగా వస్తుంది, కానీ ఈ రొద రాదు. 'అన్నీ కరెక్టుగా వాయిస్తున్నా రికార్డులా లేదేంటి' అనుకునేవాళ్లు ముందు అక్కడ చూసుకోవాలి.

సాధన చేసేవాళ్లు నిమిషానికి 120 దెబ్బల లయతో మొదలుపెట్టండి. రెండు నిమిషాలు ఆగకుండా వాయించగలిగితే ఐదు పెంచండి. ముంజేయి బిగుసుకుంటే ఆపేయండి, నొప్పి ఓర్చుకుంటే వేగం రాదు. గట్టిగా కొట్టాలన్న ఆవేశంలో చెయ్యి పెద్దగా ఊపుతారు, చతికిలపడేది అక్కడే. కదలిక మణికట్టు దగ్గర, చిన్నగా ఉండాలి. జానీ ఈ పద్ధతికి లెడ్ జెపెలిన్ వాళ్ల 1969 నాటి ఒక పాటే స్ఫూర్తి అని చెప్పేవాడు. చూడండి, పంక్ వాళ్లు ఏ భారీ రాక్ మీద తిరగబడ్డారంటారో ఆ గూటి నుంచే వచ్చిన విద్య అది!

డ్రమ్స్ గురించి కూడా ఒక మాట. టామీ ఈ బృందం కోసమే డ్రమ్స్ నేర్చుకున్నాడు, అది నిజం. ముందు ఆయన వాళ్లకు మేనేజరు. డ్రమ్మర్ల కోసం వెతికితే వచ్చినవాళ్లంతా విన్యాసాలు చేసేవాళ్లే, వీళ్లకు కావలసినట్టు వాయించేవాడు దొరకలేదు. చివరికి తనే కూర్చున్నాడు. అయితే ఏమీ తెలియని కుర్రాడని మాత్రం అనుకోకండి. అంతకుముందు రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేశాడు, పేరున్న గిటారిస్టు జిమి హెండ్రిక్స్ రికార్డుకి పనిచేసినవాడు. ఎక్కడ ఏ శబ్దం ఉండాలో, ముఖ్యంగా ఎక్కడ ఉండకూడదో తెలిసిన మనిషి.

ఉండకూడదో. ఆ మాట పట్టుకోండి. ఈ రికార్డు గొప్పంతా నాకు అక్కడే కనిపిస్తుంది. చెప్పుకోదగ్గ గిటార్ సోలో లేదు. తీగ వంచి బ్లూస్ ధోరణిలో ఏడిపించడం లేదు. డ్రమ్స్ మీద పెద్ద పెద్ద విన్యాసాలు లేవు. పల్లవికీ చరణానికీ మధ్య నింపుడు సంగీతం లేదు. అప్పట్లో ఒక బృందం గొప్పదని చూపించుకోవడానికి ఏవేవి వాయించేదో, వాటన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేశారు. వాయించడం రాక తీసేశారా, వద్దని తీసేశారా అన్నదే వాదన. చేతకాక అయితే అక్కడక్కడా ప్రయత్నించి విఫలమైన గుర్తులు ఉండాలి కదా? 29 నిమిషాల్లో ఒక్క గుర్తు చూపించండి.

ఇక 'తక్కువ డబ్బుతో, అజాగ్రత్తగా, గ్యారేజీలో చేశారు' అనే మాట. తక్కువ డబ్బు, నిజం. 6,400 డాలర్లు. 1976 ఫిబ్రవరిలో, ఓ వారం రోజుల్లో ముగించారు. గ్యారేజీ మాత్రం కాదండీ బాబూ! రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ఉంది చూడండి, న్యూయార్కులో, ఆ భవనం ఎనిమిదో అంతస్తులోని ప్లాజా సౌండ్ స్టూడియో. పెద్ద వాద్యబృందాలు పట్టే చోటు. మైకులు పెట్టిన తీరులోనూ ఆర్కెస్ట్రా రికార్డింగు పద్ధతులు వాడారు. 'ఐ వానా బీ యువర్ బాయ్‌ఫ్రెండ్' పాట జాగ్రత్తగా వినండి. నాలుగో పాట. అందులో 12 తీగల గిటార్ ఉంది, గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యం ఉంది, గొట్టపు గంటలు ఉన్నాయి. గ్యారేజీలో గొట్టపు గంటలు ఎవరికుంటాయి చెప్పండి?

ఆ పాట వింటే ఇంకొకటి తెలుస్తుంది. వీళ్లు 60ల పాప్‌ని ప్రేమించినవాళ్లు. బృందం పేరే బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఒకప్పుడు పెట్టుకున్న మారుపేరు నుంచి తీసుకున్నారు. 'జూడీ ఈజ్ ఎ పంక్'లో రెండో చరణం ముందు 'మొదటిదే మళ్లీ' అని చెప్పి పాడతారు, అది హెర్మన్స్ హెర్మిట్స్ అనే పాప్ బృందం 1965 పాటలోని చమత్కారం. 'లెట్స్ డాన్స్' క్రిస్ మాంటేజ్ పాత పాట. బ్లిట్జ్‌క్రీగ్ బాప్ మొదట్లో 'హే హో' అనే అరుపుకి మూలం బే సిటీ రోలర్స్, అంటే అప్పట్లో స్కూలు పిల్లలు వెర్రెత్తిపోయిన పాప్ బృందం. గతాన్ని తగలబెట్టారు అంటారు గానీ, వీళ్లు చేసింది పాత పాటని బాగా ఎండబెట్టి నిప్పు అంటించడం.

పొగడ్త చాలు. లోపాల సంగతి.

పాటల్లో సత్తా సమానంగా లేదు. రెండో వైపు 'లౌడ్‌మౌత్', 'హవానా అఫైర్' వరసగా వస్తాయి. మొదటిది ఒకే బెదిరింపు తిప్పి తిప్పి చెప్పడం, రెండోది క్యూబా మీద కార్టూను వేళాకోళం, ఈ రోజు వింటే నవ్వు రాదు. 'ఐ డోంట్ వానా వాక్ అరౌండ్ విత్ యూ' మొత్తం రెండు వాక్యాలే. అది వాళ్లు తొలినాళ్లలో కట్టిన పాట. ముచ్చటగానే ఉంటుంది గానీ 13వ పాటగా వచ్చేసరికి చెవి అలసిపోయి ఉంటుంది.

దానికన్నా పెద్ద సంగతి నాజీ ప్రస్తావనలు. మొదటి పాట పేరులోనే బ్లిట్జ్‌క్రీగ్ ఉంది, అంటే నాజీ సైన్యం మెరుపుదాడి. టామీ పెట్టిన పేరు 'యానిమల్ హాప్', దాన్ని మార్చింది డీ డీ. చివరి పాటలో జర్మన్ సైనికుడి వేషం వేసుకుని మరీ పాడారు. మొదట రాసిన మాటలకు కంపెనీ అధిపతి సేమోర్ స్టైన్ అభ్యంతరం చెబితే కొంత మార్చారు. జోయీ యూదుడు. టామీ బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు, ఆయన బంధువులు చాలామంది నాజీల చేతుల్లో పోయారు. కాబట్టి ఇది వెక్కిరింపే తప్ప సమర్థన కాదంటారు. నేనూ అలాగే అనుకుంటాను. కానీ పాటలో ఆ సంగతి వినపడుతుందా? వినపడదు. అట్ట చదివి, చరిత్ర తెలుసుకుని, పేర్ల వెనక అసలు పేర్లు వెతికితే తప్ప తెలియదు. డీ డీ అమెరికా సైనికుడి కొడుకు, జర్మనీలో పెరిగాడు, యుద్ధం వదిలిపోయిన వస్తువుల మధ్య ఆడుకున్న పిల్లవాడి మోజు అది. మోజుని విమర్శగా మార్చే పని పాట చేయలేదు. తర్వాత ఇదే వేషాన్ని నిజంగానే నమ్మి వేసుకున్న గుంపులు కొన్ని తయారయ్యాయి. ఆ తప్పు వీళ్లదని అనను. తలుపు దగ్గరకు వేయలేదని మాత్రం అంటాను.

దీనికి ఎదురుగా అదే డీ డీ రాసిన '53ర్డ్ అండ్ థర్డ్' పెట్టండి. న్యూయార్కులో ఆ కూడలి మగ వేశ్యలు నిలబడే చోటు. బేరం కుదరక నిలబడి ఉన్న కుర్రాడి పాట. ఎవరూ తనని ఎంచుకోవడం లేదన్న అవమానం, ఎంచుకున్నప్పుడు ఇంకో అవమానం, చివరికి కత్తి. దాదాపు అంతా జోయీ పాడతాడు, మధ్యలో ఒక ముక్క మాత్రం డీ డీ తనే అరుస్తాడు. శ్రుతి లేదు, అవసరమూ లేదు. 1976లో రాక్ పాటల్లో ఇలాంటి మాట ఇంత పొడిగా, ఏ సానుభూతి సంగీతమూ లేకుండా చెప్పినవాళ్లు ఎంతమంది? రెండో వైపు ఈ ఒక్క పాట కోసం పెట్టుకోవచ్చు.

ఎవరో చెయ్యెత్తారు... ఆ, 'రమోన్స్‌లో ఇదే మంచి రికార్డా' అని అడుగుతున్నారు. కాదండీ. నా లెక్కలో పాటలుగా చూస్తే 1977 నవంబరులో వచ్చిన మూడోది, 'రాకెట్ టు రష్యా', ఇంతకన్నా మంచిది. జోయీ గొంతు విప్పుకున్నది అక్కడే. అదే ఏడాది చివరి రాత్రి లండన్‌లో రికార్డు చేసిన 'ఇట్స్ ఎలైవ్' ఉంది, 28 పాటలు 54 నిమిషాల లోపే. ఇందాక చెప్పిన కుడి చేతి విద్య ఏ స్థాయికి పోయిందో దాంట్లో తెలుస్తుంది. అయినా ఆ రెండిట్లో ఉన్నదంతా ఈ మొదటి దాంట్లో గీసిన ముగ్గు మీద వేసిన రంగులే. ఏది తీసేయాలో ఇక్కడే తేల్చుకున్నారు. తర్వాత 1996లో విడిపోయేదాకా ఆ లెక్కలోంచి అప్పుడప్పుడు బయటికి వెళ్లి చూశారు, మళ్లీ మళ్లీ వెనక్కే వచ్చారు.

సరే, ఇప్పుడు రెండో వైపు మొత్తం వేస్తున్నాను. ఏడు పాటలు, 14 నిమిషాలు చిల్లర. మధ్యలో ఆపను. '53ర్డ్ అండ్ థర్డ్' నాలుగోది. కుడి వైపు కూర్చున్నవాళ్లకు గిటార్ ఎక్కువ పడుతుంది, ఎడమ వాళ్లకు బేస్. మార్చుకోవాలనుకుంటే ఇప్పుడే మార్చుకోండి. కాఫీ ఆ తర్వాత.